గానుగ వీధిలో పలక విరిగింది

ప్రజలు చెప్పేది ప్రభుత్వానికి, ప్రభుత్వం చెప్పేది ప్రజలకు ఎందుకు అర్థం కావడం లేదో కనుక్కోమని ఒక ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. సంఘం వారు రాష్ట్రమంతా తిరిగి, వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ భోజనం చేసి, చివరికి లోపం భాషలో ఉందని తేల్చారు. ఒకే వస్తువుకి నాలుగు మాటలున్నాయి. ఒకే మాటకి నాలుగు అర్థాలున్నాయి. ఇలాంటి భాష పెట్టుకుని ప్రజలు పరిపాలనలో పాలుపంచుకోవడం అసాధ్యమని, ఇన్నాళ్ళూ పంచుకోకపోవడానికి కారణం కూడా అదేనని నివేదిక ఇచ్చారు.

అలా 'ప్రజాపదం' పుట్టింది. అది ప్రజలకూ ప్రభుత్వానికీ ఉమ్మడిగా ఉండే డిజిటల్ పదకోశం. అందులో ఒక మాటకి ఒకే అర్థం, ఒక అర్థానికి ఒకే శాఖ. పౌరుడు సెల్‌ఫోన్లో తన కష్టం టైపు చేయగానే కంప్యూటరు అందులోని మాటను పట్టుకుని, ఆ మాట ఏ శాఖదో ఆ శాఖకి అప్పగిస్తుంది. మధ్యలో మనిషి ఉండడు. మనిషి ఉంటే ఆలోచిస్తాడనీ, ఆలోచిస్తే ఆలస్యమవుతుందనీ ప్రారంభోత్సవంలో మంత్రిగారే చెప్పారు.

పదకోశంలోని మాటలన్నీ ప్రజల దగ్గరే సేకరించారు. వెదురుపాలెం పురపాలక సంఘంలో కూడా అందుకోసం సభ పెట్టారు. గానుగ వీధిలో జాకెట్లు కుట్టే అమ్మాజీ ఆ సభకి వెళ్ళింది. వచ్చినవాళ్ళకి తలా ఒక పులిహోర పొట్లం ఇచ్చి, తలా ఒక మాట చెప్పమన్నారు. అమ్మాజీ "సూది" అని చెప్పి వచ్చింది. ఆ మాట ఆరోగ్య శాఖకి వెళ్ళిందని ఆమెకి తెలియదు.

గానుగ వీధి మలుపులో, సరిగ్గా అమ్మాజీ కొట్టు ముందు, మురికికాలవ దారికి అడ్డంగా పోతుంది. దానిమీద ఒక సిమెంటు పలక ఉండేది. బడికెళ్ళే పిల్లలూ, జాకెట్లు తెచ్చే ఆడవాళ్ళూ, వీధి చివర కాపురముండే పురపాలక సంఘం ఇంజనీరు కామరాజూ అందరూ దానిమీద నుంచే రాకపోకలు. వేసవి చివర్లో ఇసక ట్రాక్టరొకటి వెనక్కి తిరగబోయి ఆ పలకని రెండు ముక్కలు చేసింది. ముక్కలు కాలవలో కలిశాయి. మర్నాడు తెల్లవారగట్ల పాలకని బయల్దేరిన అమ్మాజీ అత్తగారు వీరాయమ్మ కూడా అందులోకే దిగింది.

"కాలు బెణికితే బెణికింది గానీ పాలగిన్నె వదల్లేదే," అంది పైకి తీస్తున్న కోడలితో.

అమ్మాజీ భర్త లారీ మీద తిరుగుతాడు. నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. ఏ పనైనా ఆవిడే చూసుకోవాలి. ఆ పొద్దున్నే ఇంజనీరు కామరాజు ప్యాంటు మడిచి కాలవ దాటుతుంటే పట్టుకుంది.

"ఏఈ గారండీ, చూశారా ఎలాగయ్యిందో?"

"చూశానండి. నాకూ బాధగానే ఉంది. ఆఫీసు వెనకాల కొత్త పలకలు గోడకి చేరేసి ఉన్నాయండి. దీని కొలతే."

"ఆఁ! మరి ఒకటి వేయించెయ్యండి."

"ఎలాగండీ?" కామరాజు నిట్టూర్చాడు. "నా ఖాతాలోకి ఫిర్యాదు రావాలి కదా. ఎవరూ అడక్కుండా పని చేస్తే మెమో ఇస్తారండి. పక్క ఊళ్ళో ఒకాయన ఆవేశపడి చేసేశాడు. ఇంకా సంజాయిషీ రాసుకుంటూనే ఉన్నాడు."

"కళ్ళతో చూశారు కదండీ?"

"చూడ్డం వేరు, స్వీకరించడం వేరండి. మీరు ప్రజాపదంలో పెట్టండి. పెట్టిన సాయంత్రానికి వేసేస్తాను."

అమ్మాజీ మిషను పక్కన పెట్టి టైపు చేసింది. "మా వీధిలో పలక విరిగిపోయింది. చాలా ఇబ్బందిగా ఉంది. కొత్త పలక ఇప్పించగలరు."

మర్నాడే వీధిలోకి జీపు వచ్చింది. అమ్మాజీ సంతోషంగా ఎదురెళ్ళింది. జీపులోంచి విద్యాశాఖ అధికారి ఒకాయన, ఇద్దరు టీచర్లు, ఒక ఫొటోగ్రాఫరు దిగారు. అధికారి చేతిలో చెక్క చట్రం బిగించిన నల్లటి పలక, దానిమీద బలపాల పెట్టె ఉన్నాయి.

"లబ్ధిదారు ఎవరు?" అని అడిగాడాయన.

"ఈ పలక కాదండీ, ఆ పలక," అంది అమ్మాజీ కాలవ చూపించి.

ఆయన కాలవలోకి వంగి చూశాడు. "ప్రజాపదంలో పలక అంటే అక్షరాలు దిద్దుకొనునది. తమరు చూపిస్తున్నది లేదు కూడానమ్మా. లేనిదాన్ని పలక అని ఎలా నిర్ధారిస్తాం? ఇది స్వీకరించకపోతే మా శాఖకి రిమార్కు పడుతుంది. ఇంట్లో అక్షరాలు రానివాళ్ళు ఎవరూ లేరా?"

"నాకు రావండీ!" అంది అరుగు మీంచి వీరాయమ్మ, కాలికి కట్టుతో.

వయోజన విద్య కింద ఆవిడకి పలక ప్రదానం చేశారు. ఫొటో తీశారు. జీపు మలుపు తిరక్కముందే అమ్మాజీ ఫోను మోగింది. 'మీ ఫిర్యాదు సంపూర్ణంగా పరిష్కరించబడినది. ఆనందము వ్యక్తపరచుటకు ఒకటి నొక్కండి.' అమ్మాజీ ఏదీ నొక్కలేదు. కాసేపటికి, మౌనాన్ని ఆనందంగా నమోదు చేశామని ఇంకో సందేశం వచ్చింది.

ప్రజాపదం వచ్చాక ప్రతి పురపాలక సంఘంలోనూ ఒక పద సమన్వయాధికారిని వేశారు. వెదురుపాలేనికి వచ్చినాయన పేరు ఉమాపతి. మంచివాడు, లంచం ఎరగడు, పదకోశంలో లేని మాట ఇంట్లో కూడా మాట్లాడడని ప్రతీతి. అమ్మాజీ వెళ్ళి మొర పెట్టుకుంది.

"తమరు పలక అన్నారు. పలక వచ్చింది. ఇందులో వ్యవస్థాపరమైన వైఫల్యం ఎక్కడ?" అన్నాడు ఉమాపతి, మర్యాదగా కుర్చీ చూపించి.

"మరి ఆ కాలవ మీద ఉండేదాన్ని ఏమనాలండీ?"

"ఆ వస్తువుకి ఇంకా పదం ఖరారు కాలేదమ్మా. ఒక జిల్లావారు బండ అన్నారు. ఒక జిల్లావారు మూత అన్నారు. పట్టుదలలు పెరిగి కోర్టుకి వెళ్ళారు. స్టే ఉంది. తీర్పు వచ్చేదాకా ఆ వస్తువు అనామకం."

"పేరు సంగతి తరవాతండీ. వస్తువు విరిగింది కదా!"

"పౌరులు ఇక్కడే పొరబడుతున్నారు," అన్నాడు ఉమాపతి జాలిగా. "పేరు లేని వస్తువు ప్రభుత్వ దృష్టిలో ఏర్పడలేదు. ఏర్పడనిది విరుగుట అనే ప్రశ్న ఉత్పన్నం కాదు."

"మా అత్తగారు పడిపోయారండీ!"

"పడుటకు పదం ఉంది. కాని అది ధరలకు సంబంధించినది. పౌర సరఫరాల వారు చూస్తారు. మీ అత్తగారి విషయంలో వారు చేయగలిగింది తక్కువ." ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. "వస్తువుకి పదం లేదు. వస్తువు లేకపోవుట వల్ల ఏర్పడిన ఖాళీ ఉంది కదా? దాన్ని పేర్కొని చూడండి."

అమ్మాజీకి అది బాగానే తోచింది. గొయ్యి అని రాద్దామనుకుంది గానీ ఆ మాట ఏ శాఖకి వెళుతుందో, వాళ్ళు ఏం పట్టుకొస్తారో అని భయమేసి మానేసింది. ఇంటికొచ్చి ఇలా టైపు చేసింది. "మా కొట్టు ముందు గుంట నోరు తెరుచుకుని ఉంది. చీకటి పడితే చాలా ప్రమాదం. వానలు రాకముందే వచ్చి మూయించగలరు."

ఈసారి వ్యాను వచ్చింది. అందులోంచి మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారిణి సువర్చల, ఆవిడ వెనక ఇద్దరు సలహాదారులు దిగారు. సువర్చల సూటిగా అమ్మాజీ దగ్గరకొచ్చింది.

"గుంట ఎక్కడ?"

"ఇదిగోనండి."

సువర్చల ఆమె చూపించిన వైపు చూడలేదు. కొట్టులోకి, ఇంట్లోకి, మంచం కిందకి చూసింది. "భయపడకండి. మేం సాయం చెయ్యడానికే వచ్చాం. నోరు తెరిచి ఎంతసేపటినుంచి ఏడుస్తోంది?"

"ఏడవడం ఏంటండీ? దానికి మూత పోయింది!"

"ఎదిరించి మాట్లాడితే నోరు మూయించమని ప్రభుత్వాన్నే కోరతారా? బాలల హక్కుల గురించి తమకి అవగాహన లేదు."

అసలు సంగతి బయటపడడానికి చాలాసేపు పట్టింది. ఉత్తరాది జిల్లాల్లో ఆడపిల్లని గుంట అంటారు. మాటల పంపకంలో ఏ ప్రాంతానికీ అన్యాయం జరక్కూడదని ఆ మాటని వాళ్ళ అర్థంతో వాళ్ళకే కేటాయించారు. సంగతి తెలిశాక కూడా సువర్చల ఊరికే వెళ్ళలేకపోయింది. ఆడపిల్ల దొరకకుండా ఫిర్యాదు మూయకూడదు. వీధంతా వెతికి చివరికి వీరాయమ్మ దగ్గర ఆగింది.

"మీరూ ఒకప్పుడు ఆడపిల్లే కదమ్మా?"

"అదేం మాటండీ! మా నాన్న నన్ను ఎంత గారంగా చూసుకునేవాడనీ!" అంది వీరాయమ్మ.

సలహాదారులు ఆవిడ చిన్నప్పటి కష్టసుఖాలన్నీ మధ్యాహ్నం దాకా విన్నారు. మధ్యమధ్యలో ఆవిడ పెట్టిన మరమరాలు తిన్నారు. వెళ్ళేటప్పుడు సువర్చల కళ్ళు తుడుచుకుంది కూడా. ఫిర్యాదు సంపూర్ణంగా పరిష్కారమైంది.

"వీళ్ళని మళ్ళీ పిలవ్వే అమ్మాజీ. మాట వినేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు?" అంది వీరాయమ్మ.

అమ్మాజీ పళ్ళు కొరికింది. మూడోసారి, ఆ చుట్టుపక్కల అందరూ అనే మాటే వాడి, సిమెంటు బిళ్ళ కావాలని పెట్టింది. నర్సమ్మ వచ్చింది. బిళ్ళ అంటే ఆరోగ్య శాఖది. సిమెంటు బిళ్ళ ఏమిటో ఆసుపత్రిలో డాక్టరుగారికి బోధపడక, ఎముకలు గట్టిపడ్డానికి అడిగి ఉంటారని కాల్షియం పంపించారు. వచ్చిన నర్సమ్మ వీరాయమ్మ కాలు చూసి, కట్టు విప్పి సరిగ్గా కట్టి, "సరైన సమయానికి అడిగారండీ," అని మెచ్చుకుంది.

ఇవన్నీ వీధివాళ్ళు గమనిస్తూనే ఉన్నారు. తమ కష్టాలూ పెట్టడం మొదలెట్టారు. ఎదురింటివాళ్ళు కరెంటు తీగ తెగిందని పెడితే సాంస్కృతిక శాఖవాళ్ళు వీణ తీగ తెచ్చారు. పక్కింటివాళ్ళు పంపులో ధార రావట్లేదని రాస్తే దేవాదాయ శాఖవాళ్ళు అభిషేకానికి ధారపాత్ర ఇచ్చి ప్రసాదం కూడా పెట్టారు. చీకట్లోనే అయినా, నీళ్ళు లేకపోయినా, ఆ వీధికి రోజూ ఎవరో ఒక అధికారి రావడం, ఫొటోలు తీయడం జనానికి సరదాగానే ఉండేది. పెట్టిన ప్రతి ఫిర్యాదూ పరిష్కారమయ్యేది.

ఆ సరదాలో తొలి వాన పడింది.

బడి తెరిచిన వారమే. తెల్లవారి లేచి చూసేసరికి వీధీ కాలవా ఒక్కటే ఎత్తున ఉన్నాయి. ఎక్కడ దారి ఉందో, ఎక్కడ లేదో తెలియడం లేదు. పలక విరిగిన కొత్తలో గుర్తుకని అమ్మాజీ పాతిన కర్ర కొట్టుకుపోయింది. అవతలి మలుపులోంచి బడిపిల్లలు నీళ్ళు చిమ్ముకుంటూ, నవ్వుకుంటూ పరిగెత్తుకొస్తున్నారు. అమ్మాజీ "ఆగండర్రా! ఆగండి!" అని అరుస్తూ కుట్టుమిషను ముందుండే కుర్చీ ఎత్తుకుని నీళ్ళలోకి దూకింది. ఆ కుర్చీ కాలవ అంచున వేసి, దాన్ని పట్టుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడి, ఒక్కొక్క పిల్లని చంకకింద ఎత్తి అవతల దించసాగింది.

గొడుగు వేసుకుని వస్తున్న కామరాజు అది చూశాడు. గొడుగు మూసి నీళ్ళలోకి దిగి కుర్చీకి రెండో వైపు పట్టుకున్నాడు.

"ఏఈ గారండీ, ఇవాళ నేనున్నాను. రేపు జాకెట్లివ్వడానికి ఏ ఊరో వెళతాను. అప్పుడెవరుంటారండీ?"

ఆయన తలమీంచి నీళ్ళు కారుతుంటే తరవాతి పిల్లని అందుకున్నాడు.

వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం ఉమాపతి గానుగ వీధికి వచ్చాడు. వెంట డప్పు కూడా ఉంది. రాష్ట్రం మొత్తంలో అత్యధికంగా కోరి, కోరినవన్నీ పొందిన వీధిగా గానుగ వీధి 'ఆదర్శ పదవీధి'గా ఎంపికైందని ప్రకటించాడు.

"స్వయంగా మంత్రివర్యులే విచ్చేయుచున్నారు. ఈ ఘనతకు చిహ్నంగా శిలాఫలకం మంజూరైనది. అది ఎచ్చట స్థాపించవలెనో పౌరులే నిర్ణయించి ప్రజాపదంలో నమోదు చేయవలెను. అదే భాగస్వామ్యం."

అమ్మాజీ తడిసిన జుట్టు విదుల్చుకుంటోంది. ఫలకం అన్న మాట చెవిన పడి ఆగింది.

"అది ఎంతుంటుందండీ?"

"నల్ల గ్రానైటమ్మా. నిడివి ఒక మనిషి పడుకొనునంత. మందం జానెడు. మంత్రివర్యుల పేరు లోతుగా చెక్కబడును."

అమ్మాజీ ఉమాపతి వెంట వచ్చిన కామరాజు వైపు చూసింది. కామరాజు కాలవ వైపు చూశాడు.

"ఆ మాట ఏ శాఖదండీ?" అని అడిగాడు కామరాజు.

"శిలాఫలకమా? పదకోశంలో మొట్టమొదట ఖరారైన పదం అదే. వివాదమే రాలేదు. ఇంజనీరింగ్ శాఖ."

కామరాజు ముఖం అంతగా వెలగడం ఆ వీధివాళ్ళెవరూ ఎన్నడూ చూడలేదు. అమ్మాజీ అక్కడికక్కడే ఫోను తీసి టైపు చేసింది. "శిలాఫలకాన్ని మా కొట్టు ముందు మలుపులో కాలవ మీద స్థాపించగలరు." మరుక్షణం కామరాజు జేబులో ఫోను టింగుమంది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని చదువుకున్నాడు. అంత ముచ్చటగా చదివాడు, పెళ్ళి శుభలేఖ అనుకున్నారు చూసినవాళ్ళు.

రాయి వచ్చింది. కామరాజు తన చేత్తోనే తాపీ పట్టి, కాలవకి రెండువైపులా దిమ్మలు కట్టించి, రాయిని వాటిమీద పడుకోబెట్టించాడు. పని చూడ్డానికి వచ్చిన ఉమాపతి దిగ్భ్రాంతి చెందాడు.

"ఇదేమిటయ్యా? శిలాఫలకం నిలువుగా ఉండవలెను కదా!"

"పదకోశంలో చూడండి సార్."

ఉమాపతి ఫోనులో వెతికాడు. స్థాపించుట అనగా కదలకుండా ఉంచుట అని ఉంది.

"నిలువుగా అని ఎక్కడైనా ఉందా సార్?"

ఉమాపతి మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాడు. ఆయన నిజాయితీపరుడని ముందే చెప్పాను. "లేదు," అన్నాడు చివరికి. "లేనిదాన్ని ఉన్నట్లు భావించే అధికారం నాకు లేదు. కానివ్వండి."

మంత్రిగారు మేళతాళాలతో వచ్చారు. తెర ఎక్కడా కనిపించక అటూ ఇటూ చూశారు. అది నేలమీద పరిచి ఉంది. లాగడానికి తాడు కూడా లేదు. ఆయన వంగి, పొద్దెక్కినా లేవని మనవడి దుప్పటి లాగినట్టు దాన్ని లాగారు. కింద నల్లగా మెరుస్తూ ఆయన పేరు కనిపించింది.

"ఇదేంటయ్యా, నేలమీద?"

ఉమాపతి నోరు తెరిచాడు గానీ సమయానికి తగ్గ పదం పదకోశంలో తట్టలేదు. కామరాజు ఆకాశం చూశాడు. అమ్మాజీ కొంగు నలుపుకుంది. అందరికంటే ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్న వీరాయమ్మ లేచింది.

"బాబూ! గోడమీద పేరు ఎవరు చదువుతారు చెప్పు? తలెత్తి నడిచేవాళ్ళు మన ఊళ్ళో ఎక్కడున్నారు? కింద చూసుకోకపోతే బురదలో పడతాం కదా! ఇక్కడైతే పొద్దున పాలకెళ్ళేవాళ్ళు దగ్గర్నించీ అందరి కళ్ళూ నీ పేరు మీదే!"

మంత్రిగారు పకపకా నవ్వారు. ఆ నవ్వు చూసి అధికారులు నవ్వారు. వాళ్ళని చూసి డప్పు మోగింది. ప్రజలకి ఇంత అందుబాటులో ఉండే శిలాఫలకం తాను ఇంతవరకూ చూడలేదని, ఇకమీదట రాష్ట్రమంతటా ఇలాగే పెట్టాలని ఆయన అక్కడే ఆదేశించారు.

ఆ ఆదేశం సంగతి ఊరూరా పాకింది. కాలవలమీద ఎక్కడ సందు కనిపించినా జనం అక్కడ శిలాఫలకం కోరడం మొదలెట్టారు. కాలవలు ఎక్కువ, ప్రారంభోత్సవాలు తక్కువ కావడంతో, కట్టినవాటికే మళ్ళీ మళ్ళీ ప్రారంభోత్సవాలు చేయాల్సి వచ్చింది. బండా మూతా వివాదంలో కోర్టు కూడా తీర్పిచ్చింది. కాలవ మీద వేసే ఆ వస్తువుని ప్రజలు శిలాఫలకమనే వ్యవహరిస్తున్నారు గనుక అదే దాని పేరని ఖరారు చేసింది. ఉమాపతి దాన్ని పదకోశంలోకి ఎక్కించి, ఒక మాటకి రెండు అర్థాలు వచ్చాయని మూడు రోజులు అన్నం తినలేదు.

అవన్నీ తర్వాతి సంగతులు. మంత్రిగారు వెళ్ళిన ఆ సాయంత్రమే మళ్ళీ వాన పట్టుకుంది. వీధి పొంగింది. బడి వదిలారు. పిల్లలు ఎప్పటిలాగే పరిగెత్తుకొచ్చారు. నీళ్ళకి జానెడు ఎత్తున నల్లగా కనబడుతున్న రాయి మీద ఒకళ్ళ వెనక ఒకళ్ళు టపటపా దాటిపోయారు. అమ్మాజీ మిషను ఆపి, చివరి పిల్ల దాటేదాకా చూసి, మళ్ళీ తొక్కడం మొదలెట్టింది.

వీరాయమ్మ గిన్నె పట్టుకుని పాలకి బయల్దేరింది. రాయి దగ్గరకొచ్చి ఆగింది.

"ఏవే అమ్మాజీ, అంత పెద్దాయన పేరు! తొక్కితే పాపమేమో. పక్కనుంచి వెళ్ళనా?"

"పక్కన నున్నగా ఉంది అత్తయ్యా, జారతారు. పేరు మీద కాలేసి వెళ్ళండి," అంది అమ్మాజీ దారం కొరుకుతూ.